కడుపులో గుండె చప్పుడు

నెలలు నిండుతున్న గర్భిణి పొట్టకు రెండు బెల్టులు కట్టి, 20 నిమిషాలు పడుకోబెట్టి, కాగితం మీద వంకర గీత తీస్తారు. ఆసుపత్రుల్లో దాన్ని ఎన్‌ఎస్‌టీ (నాన్-స్ట్రెస్ టెస్ట్) అంటారు. ఆ గీత వెనక రెండు వందల ఏళ్ల కథ ఉంది.

1818లో జెనీవాలో మయోర్ అనే సర్జన్ గర్భిణి పొట్టకు చెవి ఆనించి బిడ్డ గుండె చప్పుడు విన్నాడు. లోపల బిడ్డ బతికుందో లేదో దీన్ని బట్టి చెప్పొచ్చన్నాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కొన్నేళ్లకు పారిస్‌లో కెర్గరాడెక్ అనే వైద్యుడు స్టెతస్కోపు పెట్టి విన్నాడు. నిజానికి ఆయన వెతుకుతున్నది ఉమ్మనీరు కదిలే చప్పుడు. వినపడింది మాత్రం నిమిషానికి 140కి పైగా టిక్కుటిక్కుమనే శబ్దం! తల్లి నాడి అంత వేగంగా లేదు మరి. 1822లో అచ్చయిన తన రచనలో ఆయనో ప్రశ్న వేశాడు: ఈ చప్పుడులో వచ్చే మార్పులను బట్టి బిడ్డ ఆరోగ్యం తెలుసుకోవచ్చా? ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఆ ప్రశ్నే.

జవాబుకు ఒక యంత్రం రావలసి వచ్చింది. 1895లో పినార్ అనే వైద్యుడు చేసిన కొమ్ముబూర వంటి గొట్టంతో వింటూ లెక్కపెట్టగలిగేది వేగాన్నే. క్షణక్షణం వచ్చే ఎగుడుదిగుళ్లు చెవికి అందవు. 1950ల చివర అమెరికాలోని యేల్‌లో ఎడ్వర్డ్ హాన్, ఉరుగ్వేలోని మాంటెవీడియోలో కాల్డెయ్రో-బార్సియా అనే వైద్యులు వాటిని కాగితం మీదికి దించే పనిలో పడ్డారు. పదేళ్లలో యంత్రాలు అమ్మకానికొచ్చాయి.

తేలిందేమిటంటే, ఆరోగ్యంగా ఉన్న గుండె ఒకే తీరున కొట్టుకోదు. బిడ్డ కదిలితే వేగం పెరుగుతుంది. 32 వారాలు దాటాక, 20 నిమిషాల్లో రెండుసార్లయినా, 15 సెకన్లపాటు వేగం నిమిషానికి 15 దెబ్బల మేర పెరిగితే డాక్టరుకు నిశ్చింత. పెరగకపోతే? చాలాసార్లు బిడ్డ నిద్రపోతుంటుంది, అంతే. ఇంకో 20 నిమిషాలు చూస్తారు.

అయితే యంత్రం మీద పెట్టుకున్న ఆశలన్నీ తీరలేదు. 1985లో అచ్చయిన డబ్లిన్ అధ్యయనంలో సుమారు 13,000 మందిని పరీక్షించారు. కాన్పు సమయంలో ఎడతెగకుండా గీత తీస్తే పుట్టిన పిల్లల్లో ఫిట్స్ తగ్గాయి గాని, మెదడు దెబ్బతిని కదలికలు సరిగా రాని సెరిబ్రల్ పాల్సీ తగ్గలేదు. కాన్పుకు ముందు కూడా గీత ఒక్కదాన్నే నమ్ముకోరు: బీపీ, షుగరు ఉన్నవాళ్లకు గీతతోపాటు స్కానింగూ చేస్తారు. కదలికలు తగ్గాయనిపిస్తే, నిన్ననే పరీక్ష బాగుందన్నా సరే, ఈరోజే మళ్లీ రమ్మంటారు.