పాత స్టీరియో రిసీవరు: ప్లగ్గు పెట్టే ముందు

మీ ఇంటి అటక మీద గోనెపట్టా కప్పుకొని ఒక బరువైన పెట్టె ఉందనుకోండి. 1970ల నాటి జపాను స్టీరియో రిసీవరు. గల్ఫ్ నుంచి ఏ చిన్నాన్నగారో తెచ్చింది. కిందికి దించగానే ఒకసారి ప్లగ్గు పెట్టి చూద్దామనిపిస్తుంది. అక్కడే ఆగండి. నలభై ఏళ్ళు భద్రంగా ఉన్న సెట్టు ఆ ఒక్క నిమిషంలో కాలిపోవచ్చు.

ముందుగా వెనక్కి తిప్పి, కరెంటు తీగ దగ్గర రాసి ఉన్న అంకె చదవండి. జపాను ఇళ్ళలో వచ్చేది 100 వోల్టులు, అమెరికాలో 120, మనకు 230. కొన్ని సెట్లకు వోల్టేజి మార్చుకునే మీట ఉంటుంది. సౌదీలో అప్పట్లో చాలాచోట్ల 127 వోల్టులు ఉండేవి గనుక, అక్కడ వాడినది ఆ అంకె మీదే నిలిచిపోయి ఉండవచ్చు. మీట లేదు, 100 అని మాత్రమే ఉంది అంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు తప్పనిసరి.

డయలు కూడా చూడండి. జపానులో అమ్మకానికి చేసిన సెట్లలో అప్పట్లో ఎఫ్.ఎం. 76 నుంచి 90 మెగాహెర్ట్జ్ దాకానే. మనకు అందే బెంగళూరు వివిధభారతి ఉన్నది 102.9 మీద. టేపులు, రికార్డులు వినడానికైతే సరే. రేడియో కోసమే అయితే అలాంటి సెట్టు మీద డబ్బు పెట్టడం దండగని నా అభిప్రాయం.

ఇక మూత విప్పండి. ఫ్యూజు ఉండవలసిన చోట రాగి తీగ చుట్టి ఉంటే, ఎవరో జబ్బును కప్పిపుచ్చారన్నమాట. ఎలుక మూత్రం పడి పచ్చబారిన బోర్డు, మాడిన వాసన, తల ఉబ్బిన కెపాసిటర్లు, ఇవన్నీ కాగితం మీద రాసుకోండి. కెపాసిటరు అడుగున గోధుమరంగు మరక కనబడగానే కారిందనుకోనక్కరలేదు. ఫ్యాక్టరీలో పెట్టిన జిగురు కూడా ముదిరి ఆ రంగుకే వస్తుంది. అయితే ఆ జిగురు కాళ్ళను తినేస్తుంది, గీకి తీసేయాలి.

స్పీకర్లు తగిలించకుండా, 60 లేదా 100 వాట్ల పాత ఫిలమెంటు బల్బును సీరీస్‌లో పెట్టి అప్పుడు స్విచ్చి వేయాలి. పదో తరగతి పిల్లలు పరీక్ష కోసం బట్టీపట్టే సీరీస్ సర్క్యూట్టే ఇది! ఎల్.ఇ.డి. బల్బు పనికిరాదు. బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే మంచి గుర్తు. నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టు ఉంది, వెంటనే ఆపేయాలి. ఆపిన తరువాత కూడా పెద్ద కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది, వేలు పెట్టకండి. వైరింగు పని చేతకానివారు ఈ భాగాన్ని మెకానిక్కుకే వదిలేయడం క్షేమం.

చివరగా, స్పీకరు బిగించే చోట మీటరుతో డి.సి. కొలిపించండి. కొద్ది మిల్లీవోల్టులయితే ఫరవాలేదు. వోల్టులే చూపితే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోయి ఉండవచ్చు. స్పీకరు తగిలిస్తే అదీ కాలుతుంది. రాసుకున్న కాగితంతో హోసూరులో బస్సెక్కి బెంగళూరు ఎస్.పి. రోడ్డుకు వెళ్ళండి. కెపాసిటర్లు దొరుకుతాయి. ట్రాన్స్‌ఫార్మరు కాలి ఉంటే మాత్రం, చుట్టేవారు ఎంత అడుగుతారో ముందే కనుక్కొని అప్పుడు సెట్టును ఇవ్వండి.