పుట్టగొడుగులు హెచ్.ఐ.వి.కి మందు కాగలవా?



తొలకరి వానలు కురియగానే పుట్టలపై మొలచు పుట్టగొడుగులను ఎఱుగని పల్లెవాసి యుండడు. అవి మొక్కలు కావు, జంతువులును కావు. శిలీంధ్రములను వేఱొక కోవకు చెందినవి. రొట్టెపై పట్టు బూజు కూడ ఆ కోవలోనిదే. కుళ్ళిన మ్రానులపైనను, మట్టిలోను అసంఖ్యాకములగు సూక్ష్మజీవులతో పోటీపడి బ్రదుకవలసి యున్నందున శిలీంధ్రములు పెక్కు విధములైన రసాయనములను తయారు చేసికొనును. 1928లో అలెగ్జాండరు ఫ్లెమింగు పెన్సిలినును కనుగొన్నది ఒక బూజునందే. కావున హెచ్.ఐ.వి.కి కూడ ఈ కోవనుండి మందు లభింపదా యని శాస్త్రజ్ఞులు వెదకుట సహజమే.

హెచ్.ఐ.వి. అను వైరసును 1983లో పారిసు నగరమందలి పాస్టరు సంస్థలో ఫ్రాన్స్వాజ్ బారే-సినూసీ, ల్యూక్ మాంటాన్యే ప్రభృతులు వేఱుపఱచిరి. అది శరీరమునకు కావలి కాయు సి.డి.4 అను తెల్లకణములలో ప్రవేశించును. ఒక ఎంజైము సాయమున తన జన్యువును ఆ కణపు జన్యువులో కలిపివేయుటకు తగినట్లు మార్చుకొనును. ప్రోటియేజు అను మఱియొక ఎంజైముతో తన భాగములను కత్తిరించుకొని క్రొత్త వైరసులుగా వెలువడును. ఈ మెట్లలో ఏ యొక్కదానిని అడ్డగించినను వైరసు వృద్ధి ఆగును.

పుట్టగొడుగులయందు ఇట్టి అడ్డంకులు కానవచ్చినవి. చీనావారు లింగ్‌ఝీ యనియు, జపానువారు రేయిషి యనియు పిలుచు గానోడెర్మానుండి తీసిన కొన్ని పదార్థములు వైరసు చేయు కణనాశనమును, మఱికొన్ని ప్రోటియేజు పనిని అడ్డగించినట్లు 1998లో జపాను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. కాని అవి ప్రోటియేజును అడ్డగించుటకు కావలసిన మోతాదు, నేడు వైద్యులు వాడు మందుల మోతాదుకంటె వేల రెట్లు ఎక్కువ.

ఇచ్చటనే నిదానింపవలసియున్నది. పరీక్షనాళికలోని వైరసును సబ్బునీరు కూడ నశింపజేయును. అంతమాత్రమున సబ్బునీరు త్రాగుడని ఎవ్వరును చెప్పరు. నాళికలో పనిచేసినది కడుపులో అరిగిపోవచ్చును, రక్తములో చేరకపోవచ్చును, చేరినను కాలేయమునకు హాని చేయవచ్చును. షీటాకే యను పుట్టగొడుగునుండి తీసిన లెంటినాను జపానులో కాన్సరు చికిత్సకు తోడుమందుగా వాడుకలోనికి వచ్చినది. దానిని సూదిద్వారా ఇత్తురు; కావున షీటాకే కూర తినుట వేఱు, ఆ సూది వేఱు. అమెరికాలో నూఱుమందికి లోబడిన హెచ్.ఐ.వి. రోగులకు లెంటినాను ఇచ్చి చూచిన ఫలితములు 1998లో వెలువడినవి. కొందఱిలో సి.డి.4 కణములు కొంత పెరుగు సూచనలు కానవచ్చినవి. కొందఱు దుష్ఫలితములవలన మధ్యలోనే మానివేసిరి. అది ఆశకు చోటిచ్చిన ఫలితమే కాని, మందుగా నిలిచిన ఫలితము కాదు. నేటివఱకు ఏ పుట్టగొడుగు పదార్థమును హెచ్.ఐ.వి.కి మందుగా ఆమోదము పొందలేదు.

అట్లని రోగులకు దిక్కు లేదనుకొనరాదు. 1996 మొదలు పలు మందులను కలిపి ఇచ్చు చికిత్సవలన ఈ వ్యాధి మరణశాసనము కాకుండ పోయినది. భారతదేశములో 2004 ఏప్రిల్ 1వ తేదీనుండి ప్రభుత్వ కేంద్రములలో ఈ మందులను ఉచితముగా ఇచ్చుచున్నారు. వానిని క్రమము తప్పక వేసికొని, రక్తపరీక్షలో వైరసు కానరాని స్థితిలో నిలిచినవారు దాంపత్యమువలన ఇతరులకు వ్యాధి సోకింపరు. కాని వైరసు కొన్ని కణములలో నిద్రాణమై దాగియుండును. మాత్రలు మానినచో కొలది వారములలోనే తిరిగి విజృంభించును. వేసికొనుచు మానుచు ఉన్నచో మందులకు లొంగని వైరసు పుట్టుటయు కలదు.

అందుకే పుట్టగొడుగులవలె పుట్టుకొనివచ్చు పొడుల ప్రకటనలు ప్రమాదకరములు. రోగి వానిని నమ్ముట కేవలము అజ్ఞానమువలన కాదు. ఆసుపత్రి వరుసలో నిలిచినచో ఊరివారి కంటబడుదునను భయము అతనిని ఇంటివద్దకే వచ్చు పొడి వ్యాపారి చేతిలో పెట్టుచున్నది. ఆ భయమును కలిగించుచున్నది ఊరే, తీర్పవలసినదియు ఊరే.

ఈ పనిలో గ్రంథాలయమునకు పాలు కలదు. "పుట్టగొడుగు హెచ్.ఐ.వి.ని చంపును" అను వార్త వచ్చినపుడు పాఠకుడు మూడు ప్రశ్నలు వేయ నేర్వవలెను: పరీక్ష జరిగినది నాళికలోనా, జంతువునందా, మనుష్యునియందా? ఎంత మోతాదుతో, ఎందఱిపై, ఎన్నాళ్ళు? ఇప్పుడున్న మందుతో సరిపోల్చి చూచిరా? ఈ ప్రశ్నలు అడుగువా డొకడు వీధి కొకడున్నను కొన్ని ప్రాణములు నిలుచును.

నేడు రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును చూచునాటికి శిలీంధ్రములనుండి నిజమైన మందు లభించునేమో! పరిశోధన సాగవలసినదే. అందాక రోగి చేతిలోని మాత్ర జాఱకుండ చూచుట చదువుకొన్నవారి విధి. ఈ జ్ఞానమందిరము చిరకాలము వర్ధిల్లుగాక!