పొగగొట్టము – పంచాయతీ బాధ్యత
(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరములో చేసిన ప్రసంగము)



వీధి దీపము వెలుగకపోయినచో మరునాటి ఉదయముననే సర్పంచిగారి వాకిట నలుగురు చేరుదురు. కొళాయి ఎండిపోయినచో బిందెలతో వచ్చి అడుగుదురు. కాని వంటయింటి పొగగొట్టము మూసికొనిపోయినచో ఆ సంగతి చెప్పుటకు పంచాయతీ కచేరీకి ఎవ్వరును రారు. ఆ పొగను మ్రింగునది ఇంటి ఇల్లాలు, ఆమె ఒడిలోని పసిబిడ్డ. నేడు మేము మీతో మాటాడదలచినది ఆ గొట్టమును గురించియే.

“గ్యాసు వచ్చిన తరువాత పొగగొట్టముతో పని యేమి?” అని మీలో కొందరు అనుకొనవచ్చును. నిజమే. మన రాష్ట్రములో 1999లో దీపం పథకము, దేశమంతట 2016లో ఉజ్జ్వల పథకము వచ్చినవి. అయినను స్నానమునకు నీళ్ళు కాచుటకు, పశువులకు దాణా ఉడికించుటకు, బండ అయిపోయి మరియొక బండ వచ్చులోపల అన్నము వండుటకు కట్టెల పొయ్యి రాజేయుచున్న ఇండ్లు ఎన్ని కలవో మాకంటె మీకే బాగుగా తెలియును. గ్యాసుతో వంట కట్టెల పొయ్యికంటె మేలు. అది పూర్తిగా సాధ్యము కానంతవరకు పొగ బయటకు పోవు త్రోవ సరిగా ఉండవలెను.

ఇంటి పొగ సామాన్యమైన శత్రువు కాదు. ఇండ్లలోని పొగ వలన 2020వ సంవత్సరములో ప్రపంచమున సుమారు 32 లక్షల మంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసినది. వారిలో 2 లక్షల 37 వేల మందికి పైగా అయిదేండ్లు నిండని పిల్లలు. దగ్గు, ఆయాసము, పిల్లలలో న్యుమోనియా, గుండెజబ్బు – వీనికెల్ల ఈ పొగ కారణమగుచున్నది.

ఈ బాధను తొలగించు యత్నము మన గడ్డ మీద చిరకాలము క్రిందటనే జరిగినది. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయములో డాక్టర్ ఎస్. పి. రాజుగారు మట్టితో కట్టుకొనదగిన, గొట్టముతో కూడిన పొగలేని పొయ్యిని రూపొందించి, 1953లో దానిపై ఒక పుస్తకము వెలువరించిరి. తరువాత 1980వ దశకములో ప్రారంభమైన జాతీయ కార్యక్రమము క్రింద 2002 వరకు దేశమంతట మెరుగైన పొయ్యిలు కట్టించిరి.

ఫలితమేమి? ఒడిశాలో సుమారు 2,600 కుటుంబములను ఆర్థికశాస్త్రవేత్తలు నాలుగేండ్ల వరకు పరిశీలించిరి. గొట్టము గల పొయ్యి వచ్చిన మొదటి యేట పొగ పీల్చుట తగ్గినది. తరువాత ఆ మేలు నిలువలేదు. ఇంటివారు తగిన మరమ్మతు చేయించుకొనక, పొయ్యి వాడకమే క్రమముగా తగ్గిపోయినది. గొట్టము పెట్టుట ఒకనాటి పని. దానిని చూచుకొనుట ప్రతి నెలా పని. మేము చెప్పదలచిన ముఖ్య విషయము ఇదియే.

ఆ మధ్య ఒక గ్రామములో ఒక వృద్ధురాలి వంటయిల్లు చూచితిమి. గొట్టము ఉన్నది గాని దాని నోట పాత గుడ్డ కుక్కియున్నది. “ఇదేమమ్మా?” అని అడుగగా, “పైన టోపీ గాలికెగిరి రెండేళ్ళయింది నాయనా. వాన నీళ్ళు పొయ్యిలో పడుతున్నాయి. ఎవరికి చెప్పుకోను?” అన్నది. టోపీ ఖరీదు స్వల్పము. అది లేనందున రెండేండ్లుగా ఆ తల్లి పొగలోనే వండుకొనుచున్నది.

గొట్టము పనిచేయు తీరు సులభము. వేడిగాలి తేలికయై పైకి పోవును. తనతో పొగను లాగుకొని పోవును. కట్టె పచ్చిదైనచో మంట చల్లబడి, పొగ చిక్కనై, గొట్టము లోపల జిగటమసిగా పేరుకొనును. దారి ఇరుకైనకొద్దీ పొగ ఇంటిలోనికే తిరిగివచ్చును. దానితోపాటు రంగు, వాసన లేని విషవాయువు కార్బన్ మోనాక్సైడు కూడ వచ్చును. వండునప్పుడు తలనొప్పి, తల తిరుగుట కలిగినచో వెంటనే తలుపులు తెరచి బయటకు రావలెను.

పరీక్షించు విధము ఇది. పొయ్యి చల్లగా ఉన్నప్పుడు వెలిగించిన అగరువత్తిని పొయ్యి నోటి యొద్ద పట్టవలెను. పొగ లోపలికి పోయినచో గొట్టము తెరచియున్నట్లు. ముఖము మీదికి వచ్చినచో ఎక్కడనో అడ్డు ఉండవచ్చును. పిమ్మట పైకెక్కి చూడవలెను. టోపీ ఉన్నదా? పిచ్చుక గూడు పెట్టినదా? గొట్టము కప్పుకంటె రెండు మూడడుగులు ఎత్తున ఉన్నదా? పొయ్యితో కలియు చోట పగుళ్ళున్నచో బంకమట్టిలో ఊక కలిపి మెత్తవలెను. తాటాకు కప్పు, వాసములు గొట్టమునకు తగులరాదు. చుట్టును జానెడు ఎడముంచి, రేకుగాని మట్టికట్టుగాని వేయవలెను.

నిత్యము కట్టెలు కాల్చు ఇంట నెలకొకసారి శుభ్రము చేయవలెను. రెండు రూపాయి బిళ్ళలు ఒకదానిపై నొకటి పెట్టినంత మందము మసి పట్టినచో ఇక ఆలస్యము కూడదు. త్రాటికి కొబ్బరిపీచు కట్టయు, దాని క్రింద బరువును కట్టి పైనుండి దింపి లాగినచో మసి రాలును. పనిచేయువారు ముక్కుకు తడిగుడ్డ కట్టుకొనవలెను. ఆస్బెస్టాస్ గొట్టమును పొడిగా గీకరాదు, కోయరాదు. ఆ ధూళి ఊపిరితిత్తులకు హాని. తడిపిన పిదపనే ముట్టవలెను.

పేరుకొనిన మసి ఒక్కొకప్పుడు గొట్టములోనే అంటుకొనును. గుయ్యిమను శబ్దము, పైన నిప్పురవ్వలు దానికి గుర్తులు. అట్టి సమయమున వేడి గొట్టములో నీళ్ళు పోయరాదు, అది పగులును. పొయ్యి నోటిని తడి మట్టితో మూసి, చుట్టునున్న కప్పును తడిపి, ఇంటివారిని బయటకు పంపి, 101కి ఫోను చేయవలెను. వైశాఖమాసపు గాలిలో ఒక యింటి నిప్పు వీధినంతటిని కాల్చగలదు.

ఇక పంచాయతీ చేయవలసినది. రాజ్యాంగములోని పదకొండవ షెడ్యూలు పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో ఇంధనమును, ఆరోగ్యమును పేర్కొన్నది. కావున ఇది మీ పనియే. నెలలో ఒక దినమును నిర్ణయింపుడు. మొదట బడి వంటశాల, అంగన్‌వాడీ, తరువాత ఇండ్లు చూడుడు. ఊరిలోని ఒక మేస్త్రికి ఈ పని నేర్పింపుడు. నాలుగు టోపీలు కచేరీలో నిల్వ ఉంచుడు. ఏ ఇంట ఏ లోపమున్నదో, ఎప్పుడు బాగుచేసిరో ఒక పుస్తకములో వ్రాయుడు. పంచాయతీలలో సగము స్థానములు స్త్రీలవి. వంటయింటిలోనికి చొరవగా పోయి అడుగగలవారు వారే. ఈ పనికి వారే ముందు నడువవలెను.

ఆ వృద్ధురాలు అడిగిన ప్రశ్నకు ఆనాడు మా యొద్ద సమాధానము లేకపోయినది. “ఎవరికి చెప్పుకోను?” అని మీ గ్రామములో ఏ తల్లియు అడుగవలసిన అవసరము రాకుండుగాక. అడిగినచో, “పంచాయతీకి చెప్పుము” అని ప్రక్క ఇంటివారే చెప్పునట్లు మీరు పనిచేయుదురని నమ్ముచున్నాము.