పట్టికకెక్కిన పేరు



వేలూరునుండి ఈ లత్తేరి మీదుగా గుడియాత్తమునకు పోవు బాటవెంట, ఇప్పటికి నూరేండ్లకు పూర్వము, డాక్టర్ ఐడా స్కడర్ వారమువారమును మోటారులో మందులు వేసికొని వచ్చి, చెట్లనీడను కాచుకొనియున్న రోగులను చూచుచుండెడిది. 1900లో ఒక్క మంచముతో ఆమె ఆరంభించిన వైద్యశాలకు 1909లో నర్సుల పాఠశాలయు, 1918లో స్త్రీల వైద్యపాఠశాలయు తోడైనవి. ఆ దినములలో ఈ దారిపొడుగున వైద్యులెందరని అడిగినచో, బండికై ఎదురుచూచు ముసలమ్మ సైతము తడుముకొనక చెప్పియుండును. ఏలయన, ఆమె పేరులను లెక్కింపలేదు, చేతులను లెక్కించినది.

మన ప్రభుత్వములు లెక్కించునవి పేరులు. 1914 నాటి మద్రాసు వైద్య రిజిస్ట్రేషను చట్టము మొదలు నేటివరకు ఆ పేరులు నమోదగు పట్టికల స్వభావ మొక్కటియే: చేరిన పేరు సులభముగా వెడలదు. మరణించినవారును, గల్ఫునకో ఇంగ్లండునకో తరలినవారును, బిడ్డల పెంపకమునకై వృత్తి విడిచినవారును అందు నిత్యయౌవనముతో కొలువు చేయుచునే యుందురు. చిత్తూరులో చదివి ఆంధ్ర నర్సుల మండలియందు పేరు నమోదు చేయించుకొని, పిదప వేలూరులో కొలువు దొరకి తమిళనాడు మండలియందును నమోదైన నర్సు, మొదటి పేరు తొలగింపబడనంతకాలము, మనిషి ఒక్కతెయే యయ్యు లెక్కకు ఇద్దరగును. 2018లో ఇట్టి పట్టికలను కూడగా దేశమున ఆరోగ్యసిబ్బంది ఇంచుమించు 57 లక్షలని తేలినది. 2017-18లో జాతీయ నమూనా సర్వేవారు ఇండ్లకు పోయి సేకరించిన వివరములనుబట్టి కొలువులో నున్నవారు సుమారు 31 లక్షలు మాత్రమే. నడుమనున్న ఆ 26 లక్షలమంది ఏ ఊరి రోగినాడి పట్టిరో!

అట్లని ఇంటికి పోయి అడిగినంతమాత్రమున సత్యము దొరకునా? 2001 జనాభా లెక్కలలో తాము అల్లోపతి వైద్యులమని చెప్పుకొన్నవారిలో నూటికి 57 మందికి వైద్యశాస్త్రమున అర్హత లేదని, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ప్రకటించిన నివేదిక తేల్చినది. గుమ్మమున నిలిచిన గణకుడు సర్టిఫికెట్టు చూపుమనడు గదా! కావున పట్టికను ఇంటిలెక్కతోను, ఇంటిలెక్కను ఆసుపత్రి జీతపుచిట్టాతోను సరిచూచి, మిగిలిన తేడా ఎంతయో దాచక ప్రకటించినప్పుడే ఆ అంకె నమ్మదగినదగును. లేనిచో అవి కాకిలెక్కలే. అంకెలు ఘనముగా నున్నవని కొత్త కొలువులు మంజూరు చేయని అధికారి దుర్మార్గుడు కానక్కరలేదు. అతని ముందున్న కాగితము అట్లు పలికినది, అంతియే. దాని ఫలము మాత్రము కాన్పునకై ఆరోగ్య ఉపకేంద్రమునకు వచ్చి, తాళము చూచి మరలిన గ్రామీణస్త్రీ అనుభవించును.

స్నాతకులారా, ఈ లెక్కలు సరిచూచుట గుమాస్తాల పనియని మీరు తలంపవచ్చును. నేనును అట్లే తలంచితిని. చిరునామా మారిన పదేండ్లవరకు మండలికి తెలుపక, మరియొకరి లెక్క తప్పుటకు నేనును కారకుడనైతిని. ఇటీవల వైద్యులకు దేశమంతటికి ఒక్క పట్టికయు, నర్సులకు విడివిడిగా గుర్తింపు సంఖ్యలును ఏర్పడినవి, సంతోషమే. కాని మీరు తెలుపనిది ఏ యంత్రమునకు తెలియును?

నేడు మీ పేరులు పట్టికకెక్కుచున్నవి. గుడియాత్తమున నిలిచినను, చిత్తూరునకు మరలినను, లండనునకు ఎగిరినను, ఆ సంగతి మండలికి వ్రాయుడు; వృత్తి మానినచో, మానితినని వ్రాయుటకు సిగ్గుపడకుడు.