ఆట యను మాట



మన యిండ్లలో దినమునకు పదిమారులు వినబడు మాట యొకటి కలదు. అది 'ఆట'. పిల్లలు ఆటకు పోయిరందుము. ఆడుబిడ్డలు బతుకమ్మ ఆడుచున్నారందుము. చిందువారి ఆట చూచి వచ్చితిమందుము. పట్టణమునకు పోయినవాడు సినిమా మొదటి ఆట చూచితినని చెప్పును. మోసగాడు పట్టుబడినప్పుడు వాని ఆట కట్టినదందుము. తోడివానిని నవ్వులపాలు చేయుటను ఆటపట్టించుట యందుము. అడవిలో మృగమును తరిమి చంపుటను వేటాడుట యందుము. ఇన్ని పనులకును ఒక్క మాట చాలుచున్నది. అయితే ఒక్క మాట యిన్ని పనులు చేయునప్పుడు, ఒక పని మరియొక పనివలె వేషము వేసికొని మన నడుమ తిరుగుటకు సందు దొరకును. ఈ సంగతినే నేడు మీతో కొంత ముచ్చటింపదలచితిని.

మొదట మాట పుట్టువును చూతము. 'ఆడు' అను క్రియనుండి 'ఆట' వచ్చినది. ఆడుట యనగా కదలుట. గాలికి కొమ్మ ఆడును. గానుగ ఆడును. రోగికి ఊపిరి ఆడుటలేదని కంగారుపడుదుము. నాలుక కదలినచో మాట వచ్చును గనుక పలుకుటయు ఆడుటయే. ఆడి తప్పనివానిని లోకము గౌరవించును. స్నానమాడుట, పెండ్లాడుట, కొనియాడుట, పోరాడుట, వేటాడుట, అన్నిటను ఈ చిన్న క్రియయే తోకవలె నిలిచియున్నది. మన పొరుగు భాషలందును ఈ మాట కలదు. అరవమున ఆట్టమనగా నాట్యము. కన్నడ దేశపు సముద్రతీరమున యక్షగానమును ఆట యనియు, బయలాట యనియు పిలుతురు. మలయాళదేశమున కూడియాట్టము ప్రసిద్ధము. మన పద్యములలో ఆటవెలది యొకటి కలదుగదా. ఆ పేరునకు నాట్యమాడు స్త్రీ యని యర్థము. వేమన పద్యములు పిల్లల నోట నిలుచుటకు ఆ నడకయే సగము కారణము.

నాట్యమను నర్థమున ఆట మన ఓరుగల్లునందు రాజగౌరవము పొందినది. కాకతి గణపతిదేవుని గజసైన్యమునకు అధిపతియైన జాయపసేనాని 1253-54 ప్రాంతమున 'నృత్తరత్నావళి' యను గ్రంథమును సంస్కృతమున రచించెను. ఏనుగులను నడపిన చేయి నాట్యశాస్త్రమును వ్రాసినది. ఆయన శాస్త్రసమ్మతమైన మార్గనాట్యముతో విడువక, పల్లెలలో జనులాడు దేశినాట్యములకును గ్రంథమున చోటిచ్చెను. పేరణి, చిందు, కోలాటము, చెండుతో ఆడు కందుకనృత్తము అందు వర్ణితములు. చెండాటను నాట్యమున చేర్చిన ఆ పండితునికి, ఆటగానికిని నాట్యకానికిని నడుమ గోడ కనబడలేదని తోచుచున్నది. ఆయన కాలమునకు ముందే, 1213వ సంవత్సరమున, రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్పగుడిలో నాట్యభంగిమలు రాతియందు నిలిచియున్నవి. ఆ గుడి 2021లో ప్రపంచ వారసత్వ కట్టడముల పట్టికలో చేరినది.

కాకతీయుల ఓరుగల్లును కన్నులకు కట్టునట్లు వర్ణించిన తెలుగు గ్రంథము 'క్రీడాభిరామము'. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన ఈ కృతిలో మంచనశర్మ, టిట్టిభసెట్టి యను మిత్రులిద్దరు నగరవీథుల వెంట తిరిగి వినోదములు చూతురు. ఒకచోట పల్నాటి వీరుల కథ పాడుచుందురు. ఒకచోట కోడిపందెము, ఒకచోట పొట్టేళ్ల పోరు జరుగుచుండును. పాటయు, పందెమును, పోరును ఒకే వీథిలో ఒకే పేరు క్రింద సాగుచున్నవి. అన్నిటికిని క్రీడ యనియే పేరు. కాని కథ పాడువాడు పాట ముగించి యింటికి పోవును. ఓడిన కోడి యింటికి పోవునా? కూరయై పోవును. ఇది మనము గుర్తింపవలసిన మొదటి భేదము.

ఇక మన పిల్లల ఆటలకు వత్తము. చెడుగుడులో కూతకు వచ్చినవాడు తాకిపోయినచో తాకబడినవాడు 'చచ్చెను' అందురు. వాడు గీత యవతల కూర్చుండును. తనవారు ఎదుటిపక్షమువానిని పట్టినంతనే వాడు 'బ్రతికెను' అని కేకవేయుచు లోనికి దుముకును. ఎంత చక్కని న్యాయము! చావునకు సయితము ఆటలో తిరుగుబాట యున్నది. మన పల్లెల మంటినుండి లేచిన ఈ చెడుగుడే కబడ్డీ యను పేరుతో 1990లో బీజింగు నగరమున జరిగిన ఆసియా క్రీడలలో చేరినది.

చదరంగమును చూడుడు. ఏనుగులు, గుఱ్ఱములు, బంట్లు కూలుదురు గాని రాజును మాత్రము ఎవరును చంపరు. కదలుటకు గడి లేకుండ చేయుదురు. అంతటితో 'ఆటకట్టు' అందురు. పారసీకమున 'షా మాత్' అను మాటకు రాజు దిక్కులేనివాడాయెనని పండితులు అర్థము చెప్పుదురు. ఆ మాటయే ఉర్దూ మీదుగా మన ప్రాంతమునకు 'మాత్' అయి వచ్చినది. ఓడినవాడు చేయి కలిపి మరల పావులు సర్దును. ఓరుగల్లున 2003లో పుట్టిన అర్జున్ ఎరిగైసి యను యువకుడు 2024లో బుడాపెస్టు నగరమున జరిగిన చదరంగపు ఒలింపియాడులో, స్వర్ణపతకము గెలిచిన భారతజట్టున ఆడి, మూడవ బల్లపై తనకును స్వర్ణము తెచ్చుకొనెను. ఆ యేడు డిసెంబరు పట్టికలో ఆతని అంకము 2801. భారతీయులలో అంతకుముందు విశ్వనాథన్ ఆనందునకు దక్క ఎవరికిని 2800 దాటుట కలుగలేదు.

అరుగుల మీద ఆడుకొను పులి-మేకయు ఇట్టిదే. పులులు 3, మేకలు 15. ఒంటిగా దొరకిన మేకను దాటి పులి దానిని తినును. మేకలు కూడి నిలిచినచో పులికి కదలుట లేదు, దానిని కట్టివేయుదురు. బలము లేనివారు కూడి నిలిచినచో బలవంతుడు కట్టుబడునను నీతి దానియందున్నది. ఆట ముగిసినంతనే పులియైన రాయియు మేకయైన చింతగింజయు ఒకే మూటలోనికి పోవును. మరునాడు ఆ మేకలన్నియు మరల లేచును.

వేటలో అట్లు కాదు. వేటలో చచ్చినది లేవదు. పెద్దలారా, నేను చెప్పదలచిన మాట యింతే. తక్కినదంతయు దీని చుట్టు తిరుగుచున్నది.

అయినను లోకము ఈ రెంటిని కలిపివేసినది. ఆంగ్లభాషలో 'గేమ్' అనగా ఆట. వేటలో చంపదగిన మృగమునకును, దాని మాంసమునకును అదే పేరు. చట్టము కాపాడని మృగమును 'ఫెయిర్ గేమ్' అందురు. ఆ మాట మృగములనుండి మనుష్యులకు పాకి, ఎవరైనను రాయి వేయదగినవాడను నర్థమున నిలిచినది. మన భాషయు తక్కువ తినలేదు. వేట యనగా మృగయ. కొన్ని సీమలలో కోతకు వేసిన మేకయు వేటయే. పారసీకమున 'షికార్' అనగా వేట. మన తెలుగులో 'షికారు' సాయంకాలము చల్లగాలికి తిరిగి వచ్చుటయైనది! తుపాకి వదలి చేతికఱ్ఱ పట్టిన ఈ మాటను చూచి నాకు సంతోషమే కలుగును. మాటలు క్రూరమునుండి సాధువునకు నడచుటయు కలదు.

మన పూర్వులు ఈ విషయమున మోసపోలేదు. రాజులకు తగని సప్తవ్యసనములను లెక్కించునప్పుడు వారు జూదమును, వేటను రెంటిని చేర్చిరి. భారతకథలో పాండురాజు మృగరూపముననున్న కిందమమునిని బాణముతో కొట్టి శాపము పొందెను. ఆతని కుమారుడు ధర్మరాజు పాచికలాడి రాజ్యమును, తమ్ములను, తన్నును, తుదకు ద్రౌపదిని ఒడ్డెను. తండ్రిని వేట చెరిచినది. కుమారుని జూదము చెరిచినది. ఇద్దరును వినోదమునకే పోయిరి. దశరథుడును చీకటిలో ఏనుగు నీరు త్రాగుచున్నదని చప్పుడును బట్టి బాణము వేసి, గుడ్డి తల్లిదండ్రుల యొక్కకొడుకును చంపెను.

ఇవి పాతకథలని త్రోసివేయరాదు. మన పూర్వపు వరంగల్లు జిల్లాలోనే పాకాల, ఏటూరునాగారము అడవులు వన్యమృగములకు అభయారణ్యములై యున్నవి. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద వినోదమునకై వేటాడుట నేరము. 2014 నుండి తెలంగాణకు రాష్ట్రజంతువు చుక్కల జింక. అయినను కొందరు చేల గట్లవెంట రాత్రివేళ విద్యుత్తు తీగలు పరచుదురు. అడవిపంది పంటను పాడుచేయుచున్నమాట నిజమే. రైతు కష్టము చిన్నది కాదు. దానికి అధికారుల అనుమతితో చేయదగిన ఉపాయములు వేరు. తీగకు మాత్రము పంది యేదో, పాలేరు ఎవడో తెలియదు. తెల్లవారుజామున నీరు కట్టుటకు పోయిన మనిషియు, తాడు తెంచుకొని పోయిన ఎద్దును ఆ తీగమీద పడిన సంగతులు మన ఊళ్లకు కొత్తవి కావు. దశరథుని బాణమునకును ఈ తీగకును భేదమేమి?

రెండవది, చేతిలోని ఫోనుమీద ఆడునది. పేరు ఆట; లోపల జూదము. తెలంగాణ ప్రభుత్వము 1974వ సంవత్సరపు చట్టమును 2017లో సవరించి, అంతర్జాలమున సొమ్మొడ్డి ఆడుటను నిషేధించినది. 2025లో పార్లమెంటు దేశమంతటికి అట్టి చట్టమునే చేసినది. చట్టమున్నను ఆశ వేరు దారి వెదకుచుండును. పాతకాలపు జూదగాడు పదిమంది కంటబడుచుండెను. మందలించుటకు పెద్దవాడొకడు దొరకుచుండెను. నేటివాడు దుప్పటిలో పండుకొని ఒంటిగా ఆడును. పొలము అమ్మకమునకు వచ్చిననాడుగాని యింటివారికి తెలియదు. "వట్టి ఆటేగదా నాయనా" అని మొదట ఊరకుండిన తండ్రియే పిదప తల పట్టుకొనును. ఆ మాటయే వానిని మోసగించినది. మొదటి దినముననే దానిని జూదమని పిలిచియుండినచో ఆయన ఊరకుండెడివాడు కాడు.

మూడవది ఆటపట్టించుట. కళాశాలలో కొత్తగా చేరిన బాలుని పదిమంది చుట్టుముట్టి అవమానింతురు. అడిగినచో ఆటకు చేసితిమందురు. 1997లోనే మన రాష్ట్రమున దీనిని నిషేధించు చట్టము పుట్టినది. పిల్లికి చెలగాటము, ఎలుకకు ప్రాణసంకటము అను సామెతను మన అవ్వలు అంతకు ఎన్నో తరములకు ముందే చెప్పియుండిరి. ఆ సామెతలో పిల్లి అబద్ధమాడుటలేదు. అది నిజముగా ఆడుకొనుచున్నది. ఎలుక మాత్రము ఆటలో లేదు. ఆ యెలుకను అడిగి తీర్పు చెప్పవలెను గాని పిల్లిని అడిగి కాదు.

ఊరిలో తగవు వచ్చి ఎవడైన మీ యెదుట నిలిచి "ఆటకు చేసితిని" అని చెప్పునప్పుడు మీరు అడుగదగిన ప్రశ్నలు మూడున్నవి. రెండవవాడు తానై ఆటలోనికి వచ్చెనా, లేక ఈడ్వబడెనా? ఆటకు గీతయు కట్టును ఇద్దరికి సమముగా ఉండెనా? ఓడినవాడు మరునాడు లేచి మరల ఆడగలడా? ఈ మూటికిని ఔనని బదులు వచ్చినచో అది ఆట, నవ్వి పంపివేయుడు. ఒక్కదానికి కాదని వచ్చినను అది వేటయో జూదమో యగును. దాని పేరుతోనే దానిని పిలువుడు.

ఇంతమాత్రమున పిల్లలను ఆటలనుండి మాన్పింపుడని నా మాట కాదు. కానేకాదు. ఇంకను ఎక్కువగా ఆడనిండు. చిర్రగోనెకు, చెడుగుడునకు ఊరివెలుపల కొంత బయలు మిగిల్చి పెట్టుడు. చిన్నవాడు ఏడ్చుచు వచ్చినచో వానిని ఆటలో అరటిపండుగానైన చేర్చుకొండని పెద్దపిల్లలకు చెప్పుడు. గెలుపోటములు లేకున్నను తోడుండుట వానికి చాలును. ఏటేట పెత్రమాసనాడు వేయిస్తంభముల గుడికడ ఆడుబిడ్డలు పూలపేర్చు నడుమ నుంచి వలయముగా తిరిగి చప్పట్లు కొట్టుచు బతుకమ్మ ఆడుదురు. ఆ ఆటలో గెలిచినవారు లేరు, ఓడినవారు లేరు. వలయమున చోటు అడిగినవారికి లేదనుట లేదు. జాయపసేనాని నాటినుండి ఓరుగల్లు ఎరిగిన ఆట అట్టిది. మన పిల్లలకు అట్టి ఆటను అప్పగింపుడు.