వాళ్ళ చోటు అట్టే పెట్టారు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజనీరువి కదా, పిల్లలకు ఉద్యోగాల గురించి చెప్పమన్నారు కమిటీవారు. ఆ సంగతులు నాకన్నా ఇప్పటి పిల్లలకే బాగా తెలుసు. నేను టెన్నిసు గురించి మాట్లాడతాను. మన బడిలో టెన్నిసు ఎక్కడిదంటారా? ఉండేది. రబ్బరు రింగు, వలకు బదులు కొబ్బరితాడు. డ్రిల్లు మాస్టారు టెన్నికాయిట్ అనేవారు, నోరు తిరగక మనం టెన్నిసు అనేవాళ్ళం. మా తరగతిలో ఆ ఆటకు పెట్టింది పేరు కొల్లేటికోట నుంచి దోనె మీద వచ్చే ఒక అమ్మాయి. ఆవిణ్ణి అడగకుండా పేరు చెప్పడం మర్యాద కాదు. ఆవిడ దగ్గరికి మళ్ళీ వస్తాను.

2020లో సైటు పనులు ఆగిపోయి హైదరాబాదులో ఇంట్లో కూర్చున్నప్పుడు మన సానియా మీర్జా గురించి వచ్చినవన్నీ చదివాను. 2018 అక్టోబరులో కొడుకు పుట్టాడు. రెండేళ్ళ పైచిలుకు విరామం తరవాత, 33 ఏళ్ళ వయసులో, 2020 జనవరిలో హోబార్ట్‌లో ఆడి, ఉక్రెయిన్ అమ్మాయి నదియా కిచెనోక్‌తో కలిసి డబుల్స్ టైటిల్ గెలిచింది. తిరిగొచ్చిన మొదటి టోర్నీలోనే! మార్చిలో దుబాయ్‌లో ఫెడ్ కప్. అంకితా రైనా తదితరులతో కలిసి మన జట్టు మొదటిసారి ప్లేఆఫ్‌కు చేరింది. ఒక చంకన కొడుకు, ఇంకో చేత్తో రాకెట్టు పట్టుకున్న ఆవిడ ఫోటో అప్పటిదే.

అక్కడితో తలుపులు మూసుకున్నాయి. ఇండియన్ వెల్స్‌కు ఆటగాళ్ళు చేరుకున్నాక టోర్నీ రద్దన్నారు. వింబుల్డన్ రద్దు, 1945 తరవాత అదే మొదటిసారి. చైనాలో జరగాల్సినవన్నీ పోయాయి. ఆగస్టులో ఆట మళ్ళీ మొదలైనా యూఎస్ ఓపెన్ ప్రేక్షకులు లేకుండానే జరిగింది. వేసవి ఫ్రెంచ్ ఓపెన్ సెప్టెంబరు చివరికి జరిగింది. మనవాళ్ళు ఏప్రిల్‌లో లాట్వియాతో ఆడాల్సిన ప్లేఆఫ్ ఏడాది ఆలస్యంగా జరిగింది, ఓడిపోయాం.

ఇక్కడే నాలోని ఇంజనీరు మేలుకున్నాడు. మహిళల టెన్నిసులో ర్యాంకు అంటే గత 52 వారాల లెక్క. కొత్త పాయింట్లు వస్తుంటే నిరుటి పాయింట్లు రాలిపోతుంటాయి. నీరు వచ్చే తూము మూసి, పోయే తూము తెరిచి ఉంచితే చెరువు ఏమవుతుంది? అందుకని రెండు తూములూ మూసేశారు. మార్చిలో ర్యాంకులు ఎక్కడివక్కడ ఆపేశారు. ఆట మళ్ళీ మొదలయ్యాక 2019 మార్చి నుంచి 2020 డిసెంబరు దాకా వచ్చిన ఫలితాల్లో మెరుగైనవి లెక్కలోకి తీసుకున్నారు. ఆస్ట్రేలియా అమ్మాయి ఆష్లీ బార్టీ ఆ ఏడు ఫిబ్రవరి తరవాత ఒక్క మ్యాచీ ఆడలేదు. ఏడాది చివర్లోనూ ఆవిడే నంబర్ వన్. అదేం న్యాయం అని కొందరన్నారు. నాకైతే న్యాయంగానే తోచింది. మహమ్మారికి భయపడి ఇంట్లో ఉన్న మనిషిని కిందికి దించడం ఆటలో గెలుపు కాదుగా.

పై ర్యాంకులవాళ్ళకు సరే. ప్రయాణం ఖర్చులకే వచ్చింది చాలని కింది మెట్ల మీద ఆడేవాళ్ళకు ర్యాంకు నిలిస్తే కూడు రాదు. మగవాళ్ళ, ఆడవాళ్ళ సంఘాలూ, పెద్ద టోర్నీలూ కలిసి 60 లక్షల డాలర్లకు పైగా పోగుచేసి దాదాపు 800 మందికి పంచాయి. తలకు లెక్కేస్తే ఎంతో మీరే చూడండి.

సానియా ఆ ఏడు మళ్ళీ ఆడలేదు. ఫెడ్ కప్ హార్ట్ అవార్డు కింద వచ్చిన 2,000 డాలర్లు తెలంగాణ ముఖ్యమంత్రి సహాయనిధికి ఇచ్చేసింది. 2021 మార్చిలో దోహాలో తిరిగొచ్చింది. టోక్యో ఒలింపిక్స్‌కు వెళ్ళగలిగింది ప్రసవానికి ముందునాటి ర్యాంకు, తొమ్మిదో నంబరు, ఆవిడ కోసం అట్టే పెట్టి ఉంచబట్టి. దాన్ని ప్రొటెక్టెడ్ ర్యాంకింగ్ అంటారు. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మేం ఎనిమిదో తరగతిలో ఉండగా కొల్లేరు పొంగింది. దోనెలు కూడా కదలని రోజులు. బడి మూడు వారాలు మూత. నీరు తీశాక మేమంతా వచ్చాం, ఆ అమ్మాయి రాలేదు. వేట సాగక వాళ్ళ నాన్న కూలికి వేరే ఊరు పోతే ఇంటిల్లిపాదీ వెంట వెళ్ళారు. పై ఏడు తిరిగొచ్చేసరికి మేం తొమ్మిదిలో ఉన్నాం. చిన్నపిల్లల పక్కన కూర్చోడానికి ఆవిడకు సిగ్గు, పంపడానికి ఇంట్లో అభ్యంతరం. పెళ్ళి చేసేశారు. జోనల్ పోటీలకు ఇంకెవరో వెళ్ళారు. ఎందుకు రావడం లేదని నేను ఒక్కసారీ అడగలేదు.

ఈ సభకు పిలుద్దామని మన సంఘం జాబితా తిరగేశాను. ఆవిడ పేరు లేదు. పది పాసైనవాళ్ళే సభ్యులట. అంటే ఎనిమిదేళ్ళు ఇక్కడ చదివిన మనిషి మన బడి మనిషి కాదన్నమాట. కార్యదర్శిగారికి కాగితం రాసిచ్చాను: మధ్యలో మానేసినవాళ్ళ పేర్లూ చేర్చండి అని. పాత అడ్మిషను రిజిస్టర్లు బీరువాలో ఉన్నాయని హెడ్మాస్టరుగారు చెప్పారు. పేర్లు ఎత్తి రాసే పని నాది. వచ్చే ఆదివారం పొద్దున తొమ్మిదింటికి మొదలుపెడతాను. దస్తూరీ బాగున్నవాళ్ళు ఒకరిద్దరు తోడు రండి.