మూత్రనాళానికి స్టెంటు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను, ఫైళ్లు నడిపిన గుమాస్తాను. మా శ్రీమతికి గర్భసంచి ముఖద్వారపు క్యాన్సర్ వచ్చి స్టెంటు వేయవలసి వచ్చింది. ఆ అనుభవంతో నాలుగు మాటలు మనవి చేస్తాను.

కిడ్నీ నుండి మూత్రాశయానికి దిగే నాళం సుమారు 25 సెంటీమీటర్ల పొడవుంటుంది. గర్భసంచి ముఖద్వారం, ప్రొస్టేటు, మూత్రాశయం, పెద్దపేగు వంటి చోట్ల క్యాన్సర్ ముదిరితే ఈ నాళం నొక్కుకుపోవచ్చు. మూత్రం వెనక్కి నిలిచి కిడ్నీ ఉబ్బుతుంది. ఒక్కొక్కరికి నొప్పే ఉండదు. మా ఇంట్లో రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగితేనే తెలిసింది. కిడ్నీ బాగా దెబ్బతింటే సిస్‌ప్లాటిన్ వంటి క్యాన్సర్ మందులు ఇవ్వడం కష్టం. అందుకని ముందు ఆ అడ్డు సంగతి చూశారు.

స్టెంటు అనగానే గుండెకు వేసేదనుకునేరు! ఇది మెత్తని సన్నగొట్టం. జారిపోకుండా ఒక కొస కిడ్నీలో, రెండవది మూత్రాశయంలో వంకీ తిరిగి ఉంటాయి. 1978 నుండి దీనిని డబుల్ జె అంటున్నారు. మత్తు ఇచ్చి మూత్రద్వారం గుండా వేస్తారు, కోత ఉండదు. కణితి మరీ బిగించేస్తే ఇది పనిచేయకపోవచ్చు. అప్పుడు నడుము వెనుక నుండి కిడ్నీలోకి గొట్టం వేసి సంచి తగిలిస్తారు.

ఇది క్యాన్సర్‌కు వైద్యం కాదు, మూత్రానికి దారి మాత్రమే. మాటిమాటికీ మూత్రానికి వెళ్లవలసి రావడం, నడుములో పోటు, కాస్త ఎర్రగా పడడం మామూలేనట. చలిజ్వరం వచ్చినా, మూత్రం బాగా తగ్గినా మాత్రం తెల్లవారేదాకా ఆగకూడదు.

అసలు చెప్పదలచినది తేదీ గురించి. సాధారణంగా మూడు నుండి ఆరు నెలల లోపు స్టెంటు మార్చాలి. మరచిపోతే దాని చుట్టూ రాయి కడుతుంది, తీయడం పెద్ద ఆపరేషన్ అవుతుంది. పైకి కనబడేది కాదు కదా! లైఫ్ సర్టిఫికెట్ గడువు మరవని మనం దీన్నీ రిజిస్టరులో ఎక్కించాలి: ఏ వైపు వేశారు, ఎప్పుడు వేశారు, ఎప్పుడు మార్చాలి. ఆ కాగితం నకలు పిల్లల దగ్గర కూడా ఉండాలి.

ఇంకొక సంగతి. జబ్బు బాగా ముదిరినప్పుడు మళ్లీ మళ్లీ మార్చాలా వద్దా అనేది రోగినే అడగాలి. మన ఇళ్లలో ఆడవారిని అడగడం తక్కువ. మూడోసారి మార్చే ముందు డాక్టరుగారు నన్ను కాదు, ఆమెనే అడిగారు. “ఈసారికి వేయండి బాబూ, మళ్లీ సంగతి మళ్లీ చెబుతాను” అంది. వచ్చే నెల పన్నెండవ తేదీన వెళ్లాలి.

సెలవు.